ఔషధవిద్య – దాని ప్రయోజనము



మా సింహాద్రిపురము చుట్టుపట్ల చీనీతోట చక్కగా ఫలించిన యేడు పిల్లవానిని పట్టణమునకు బంపి చదివించుట వాడుక. వాడు ఔషధవిద్య ముగించి వచ్చి, “నేను పట్టణమునందలి పేదల పేటలలో పనిచేసెదను” అనినచో, “పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటెట్లు?” అని మనమడుగుదుము. అడుగుట తప్పుగాదు. కాని యా కోరిక యెచట బుట్టినదో ముందుగా విచారింపవలయును.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించిరి. వారి సోదరులిరువురు స్ప్రూ యను జీర్ణవ్యాధిచే కొలదిదినముల యెడముతో మరణించిరి. ఆ దుఃఖము వారిని విడువలేదు. చెన్నపట్టణమున వైద్యము చదివి, అమెరికాకేగి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు విద్య కొనసాగించిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకది మందయ్యెను. అంతటితో వారాగలేదు. 1947లో వారి ప్రయోగశాలనుండియే బోదకాలునకు డైఇథైల్ కార్బమజీన్ అను మందు వెలువడెను. మరునాటి సంవత్సరమే వారు స్వర్గస్థులైరి.

బోదకాలు పురుగును మోయు దోమ మురికినీట బెరుగును. మురుగుకాలువల యొడ్డున కాపురముండువారు పేదలు. 1955లో ప్రభుత్వము ముఖ్యముగా పట్టణములందు నివారణపథకము నారంభించి, పురుగు నెత్తుటిలో రాత్రివేళ గానవచ్చును గనుక రాత్రులే రక్తము పరీక్షించి, ఈ మందునే యిప్పించెను. 2004నుండి వ్యాధిగల జిల్లాలలో ఏటేట అందరికిని పంచసాగిరి.

ఇచటనే చిక్కు. కాలు వాచనివాడు “నాకేల మాత్ర?” అనును. వాపు లేకయే పురుగు ఏండ్లకొలది దేహమున నుండునని వానికి దెలియదు. పరగడుపున మ్రింగరాదు, గర్భిణులకును, రెండేండ్లలోపు శిశువులకును ఈయరాదు, మ్రింగినపిదప కొందరికి జ్వరము, తలనొప్పి కలుగుట చచ్చిన పురుగులవలననే. ఇది యంతయు వాని గడపలో గూర్చుండి, వాని మాటలలో జెప్పువాడు కావలయును. మందు సముద్రములు దాటి వచ్చును. కడపటి పదియడుగులు మనుష్యుడే మోయవలయును.

ఆ పిల్లవాడు పస్తుండవలెనని నేననను. వానికి తగిన జీతముండవలసినదే. అయినను సొమ్ముమాట కొంత తడవాపి, “నాయనా, నీవెవరి బాధను కన్నులార చూచితివి?” అని యడుగుడు. వాడు బదులు చెప్పగలిగినచో, మీ తోట ఫలమునకు అంతకు మించిన వెల లేదు.