పెరటి కోళ్లను రాత్రివేళ గూటికి అలవాటు చేయడం: శాస్త్రీయ ఆధారం, ఆచరణ

పెరటి కోళ్ల పెంపకంలో మేత, టీకాలు, రకాల ఎంపికకు ఇచ్చినంత ప్రాధాన్యం సాయంత్రం గూటి తలుపు వేసే పనికి లభించడం లేదు. పగలంతా పెరట్లోను, పొలం గట్లపైన, పేడకుప్పల వద్ద తిరిగిన కోళ్లలో కొన్ని చీకటి పడేసరికి చెట్టు కొమ్మలపైనో, ప్రహరీ గోడపైనో, పశువుల కొట్టం వాసాలపైనో నిలిచిపోతాయి. అడవిపిల్లికి, పునుగుపిల్లికి, వీధికుక్కకు ముందుగా చిక్కేవి ఇవే. నష్టం అంతటితో ఆగదు. బయట పడుకునే పెట్ట గుడ్డును పొదల్లో పెడుతుంది. టీకా వేసే రోజున అది చేతికి అందదు. గూటికి చేరకపోవడాన్ని కోడి మొండితనంగా భావించి తరమడం పరిపాటి. వాస్తవానికి అది అలవాటు చేసిన తీరులోనో, గూటిలోనో ఉన్న లోపానికి సూచన.

సాయంకాల ప్రవర్తనకు మూలం

పెంపుడు కోడి ప్రధానంగా ఎర్ర అడవికోడి (గాలస్ గాలస్) సంతతి. ఆ పక్షి పగలు నేలపై మేసి, రాత్రి చెట్టు కొమ్మపై నిద్రిస్తుంది. ఎత్తైన చోటు వెదకడం పెంపుడు కోడిలోనూ నిలిచిపోయిన లక్షణం. మసక వెలుతురులో కోడి చూపు బలహీనం. వెలుతురు తగ్గినప్పుడు పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ స్రావం పెరిగి పక్షి విశ్రాంతికి సిద్ధమవుతుంది. అందువల్ల కోడి అనుసరించేది గడియారాన్ని కాదు, వెలుతురును. హైదరాబాదులో డిసెంబరు మొదటి వారంలో సూర్యుడు సుమారు 5.40 గంటలకు, జూన్ చివరి వారంలో దాదాపు 6.55 గంటలకు అస్తమిస్తాడు. ఏడాది పొడవునా ఒకే సమయానికి కోళ్లను పిలిచే ఇంట్లో శీతాకాలంలో కొన్ని కోళ్లు బయటే మిగిలిపోవడానికి ఈ తేడా ఒక కారణం.

తొలి పది రోజులు

వనరాజ, గ్రామప్రియ, రాజశ్రీ వంటి రకాల పిల్లలను సాధారణంగా ఆరు వారాల వరకు బ్రూడింగ్‌లో పెంచి, ఆ తరువాత పెరట్లోకి వదులుతారు. కొత్త చోటికి వచ్చిన ఈ పిల్లలకు అక్కడి గూడు తమదన్న గుర్తు ఉండదు. తల్లికోడి వెంట పెరిగే పిల్లలకు దారి చూపే తల్లి ఉంటుంది. వీటికి ఆ ఆసరా లేదు. కనుక 7 నుంచి 10 రోజులు వాటిని గూటిలోనే ఉంచి, మేత, నీరు అక్కడే అందించాలి. తరువాత మొదటి రెండు మూడు రోజులు సూర్యాస్తమయానికి గంట ముందు మాత్రమే వదలాలి. ఆకలితో ఉన్న పిల్లలు దూరం పోకుండా మేత కోసం తిరిగి వస్తాయి. ఆపై తిరిగే సమయాన్ని క్రమంగా పెంచాలి. బ్రూడర్ దశలోనే తక్కువ ఎత్తులో కర్రలు అమర్చితే పిల్లలు వాటిపైకి ఎక్కి కూర్చోవడం త్వరగా నేర్చుకుంటాయి.

సాయంత్రపు మేత

చీకటి పడే ముందు మెడ కింది ఆహార సంచిని నింపుకోవడం కోడి స్వభావం. రాత్రంతా జీర్ణమయ్యేది ఆ నిల్వే. అందువల్ల అదనంగా ఇచ్చే నూకలు, జొన్నలు, సజ్జలలో ఎక్కువ భాగాన్ని ఉదయం కాక సాయంత్రం, గూటి లోపలే వేయాలి. ప్రతిరోజూ ఒకే పిలుపుతోనో, ఒకే పళ్లెం చప్పుడుతోనో మేతను జతచేస్తే కొద్ది రోజులలో ఆ శబ్దమే కోళ్లను రప్పిస్తుంది. గుడ్డు పెంకు తయారీ అధికంగా రాత్రివేళ జరుగుతుంది కనుక ఆలిచిప్పల పొడిని కూడా సాయంత్రం అందుబాటులో ఉంచడం ప్రయోజనకరం.

గూటి నిర్మాణం

నేలపై పడుకోవలసివచ్చే గూటికన్నా ఎత్తైన కొమ్మనే కోడి ఎంచుకుంటుంది. లోపల 4–5 సెం.మీ. వెడల్పు గల, అంచులు నునుపు చేసిన కర్రలను అమర్చి, ఒక్కో కోడికి 15–20 సెం.మీ. చోటు కల్పించాలి. కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై స్థానం కోసం పోట్లాట తగ్గుతుంది. బరువైన రకాలకు ఎక్కువ ఎత్తు తగదు. దూకేటప్పుడు కాళ్లకు దెబ్బ తగులుతుంది. గుడ్లు పెట్టే పెట్టెలు కర్రలకంటే దిగువన ఉండాలి. లేకపోతే కోళ్లు వాటిలోనే పడుకొని గుడ్లను మురికి చేస్తాయి.

బయటికంటే లోపల చీకటిగా ఉన్న గూటి ముందు కోళ్లు తటపటాయిస్తాయి. పడమటి వైపు గట్టి జాలీ కిటికీ ఉంటే చివరి వెలుతురు లోపలికి చేరుతుంది. అలవాటయ్యే వరకు లోపల చిన్న దీపం ఉంచవచ్చు. అయితే కోళ్లన్నీ కర్రలెక్కిన తరువాతే దానిని ఆర్పాలి.

చెట్టెక్కే కోళ్లు

వీటిని సాయంత్రం తరమకూడదు. భయం గూటితో ముడిపడుతుంది. పూర్తిగా చీకటి పడ్డాక కోడి చురుకుదనం తగ్గుతుంది. అప్పుడు రెండు చేతులతో రెక్కలు కదలకుండా పట్టుకొని గూటిలోని కర్రపై ఉంచాలి. వరుసగా కొన్ని రాత్రులు ఇలా చేయడంతో పాటు కింది కొమ్మలను కత్తిరిస్తే చాలావరకు అలవాటు మారుతుంది.

ఉన్నట్టుండి మానేస్తే

ఇన్నాళ్లూ గూటికి చేరిన కోళ్లు ఒక్కసారిగా మానేస్తే ముందు గూటిని పరీక్షించాలి. ఎర్ర మైట్లు, కోళ్ల పిడుదులు పగలు గోడ పగుళ్లలోను, కర్రల అతుకులలోను దాగి, రాత్రి బయటికి వచ్చి రక్తం పీలుస్తాయి. పగలు పక్షి శరీరంపై వెదికితే ఇవి సాధారణంగా కనిపించవు. రాత్రి టార్చి వెలుతురులో కర్రల అడుగుభాగాన్ని చూడాలి. పిడుదుల ద్వారా స్పైరోకీటోసిస్ వ్యాధి సోకుతుంది. పగుళ్లను పూడ్చి సున్నం కొట్టి, పశువైద్యుని సలహాపై మందు వాడాలి. పాము లేదా పిల్లి చొరబడటం, కిక్కిరిసి ఉండటం, కొత్త కోళ్లను పాతవి పొడవడం ఇతర కారణాలు.

విస్తరణలో అన్వయం

కొక్కెర తెగులు టీకాను కలిపిన తరువాత తక్కువ వ్యవధిలో వాడేయాలి. తెల్లవారుజామున తలుపు తెరవక ముందే కోళ్లన్నీ అందుబాటులో ఉంటే టీకా వృథా కాదు; ఒక్క కోడీ తప్పిపోదు. కనుక రైతును అడగవలసింది ఎన్ని కోళ్లున్నాయన్నది మాత్రమే కాదు, వాటిలో ఎన్ని గూటిలో పడుకుంటున్నాయన్నది కూడా. ఈ రెండు సంఖ్యల మధ్య తేడాయే టీకాకు దూరమయ్యే కోళ్ల సంఖ్య.

పెరటి కోళ్ల సంరక్షణ అధికంగా మహిళల చేతిలో ఉంది. కూలిపని నుంచి తిరిగివచ్చి వంట, పాల పనులు చూసుకునే వేళకే కోళ్లను వెదికే భారమూ వారిపై పడుతుంది. అలవాటైన మందకు పిలుపు, గుప్పెడు గింజలు, లెక్కపెట్టి తలుపు వేయడం చాలు. ఈ పద్ధతిని మధ్యాహ్నపు శిక్షణ తరగతిలో చెప్పవచ్చు గాని చూపలేము. సూర్యాస్తమయ వేళ, ఒక రైతు ఇంటి పెరట్లో, గూటి ముందు జరిపే ప్రదర్శనే దీనికి తగినది.