దూకే ముందు రోజు రాత్రి

స్కైడైవింగ్ జరిగే చాలా చోట్ల పని పొద్దున్నే మొదలవుతుంది. ఎండ ముదిరి గాలులు పెరగకముందే మొదటి విమానాన్ని లేపాలని చూస్తారు. అందుకే దూకేవాళ్లను ఏడు, ఎనిమిది గంటలకల్లా డ్రాప్ జోన్‌కు, అంటే విమానం ఎక్కి తిరిగి పారాచూట్‌తో వాలే మైదానానికి, రమ్మంటారు. చాలామందికి ఆ ముందు రాత్రి విహారయాత్రలో ఒక రాత్రి. స్నేహితులంతా కలిసి దుబాయికో, న్యూజిలాండ్‌కో, హర్యానాలోని నార్నౌల్‌కో వెళ్లి ఉంటారు. రాత్రి భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు: "రెండు పెగ్గులు వేస్తే భయం పోతుంది, హాయిగా నిద్ర పడుతుంది, పొద్దునకి అంతా దిగిపోతుంది."

ఆ మాటలో మూడు నమ్మకాలున్నాయి. భయం పోతుందన్నదీ, మంచి నిద్ర పడుతుందన్నదీ నిజం కాదు. పొద్దునకి దిగిపోతుందన్నది మాత్రం ఎంత తాగారు, ఎప్పుడు ఆపారు అన్న లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క చాలామంది ఊహించే దానికంటే పెద్దది.

గంటకు ఎంత దిగుతుంది

ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాలులో అధిక భాగాన్ని విరిచేది కాలేయం. దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్‌గా, ఆ తర్వాత ఎసిటేట్‌గా మారుస్తుంది. ఈ పని దాదాపు ఒకే వేగంతో సాగుతుంది. ఎక్కువ తాగినంత మాత్రాన కాలేయం ఆ మేరకు వేగం పెంచదు. సగటున గంటకు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 మిల్లీగ్రాముల ఆల్కహాలు తగ్గుతుంది. మనిషిని బట్టి ఇది కొంత అటూ ఇటూ ఉంటుంది.

మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ములో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో అది సుమారు 10 గ్రాములు, 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో 20 గ్రాములు. 7.5 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 38 గ్రాములు ఉంటుంది. అంటే ఒక సీసా దాదాపు రెండు లార్జ్‌లతో సమానం. బీరే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతుంది.

70 కిలోల బరువున్న మగవాడు రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా నాలుగు లార్జ్‌లు తాగాడనుకుందాం. అతని ఒంట్లోకి వెళ్లింది సుమారు 80 గ్రాములు. అది పూర్తిగా దిగడానికి పదకొండు గంటలు దాటుతుంది. పొద్దున ఏడింటికి అతను డ్రాప్ జోన్‌లో సంతకాలు పెట్టేటప్పుడు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇంకా 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సున్నాకు చేరేది ఎనిమిదిన్నర ప్రాంతంలో. అదే నాలుగు లార్జ్‌లు 60 కిలోల బరువున్న స్త్రీ తాగితే మధ్యాహ్నం ఒంటి గంట దాటాక గానీ రక్తం శుభ్రపడదు. ఆడవాళ్ల శరీరంలో సగటున నీటి పాలు తక్కువ. అందువల్ల అంతే మద్యం తాగినా వాళ్ల రక్తంలో దాని శాతం ఎక్కువగా ఉంటుంది. అదే 70 కిలోల మగవాడు రెండు చిన్న పెగ్గులతో ఆగిపోతే మూడు గంటల్లో దిగిపోతుంది. తేడా అంతా ఎంత తాగారన్న దానిలోనే ఉంది.

మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. పై ఉదాహరణలో నాలుగు లార్జ్‌లు తాగిన మగవాడిని ఏడింటికి రోడ్డు మీద పోలీసులు ఆపినా తనిఖీలో గట్టెక్కుతాడు. అతనే విమానం నడిపే పైలట్ అయితే గట్టెక్కడు. మన విమానయాన నిబంధనల ప్రకారం పైలట్ విమానం ఎక్కే ముందు 12 గంటల పాటు మద్యం ముట్టకూడదు, శ్వాస పరీక్షలో సున్నా రావాలి. గాలిలో పనికి రోడ్డు మీది కొలమానం చాలదని దీన్నిబట్టే తెలుస్తుంది.

చిక్కటి కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం, మజ్జిగ, చెమట పట్టే దాకా నడక: వీటిలో ఏదీ కాలేయం వేగాన్ని పెంచదు. కాఫీ మెలకువనిస్తుంది గానీ ఆల్కహాలును దింపదు. దింపేది గడిచే సమయం ఒక్కటే.

దిగిన తర్వాత మొదలయ్యేది

రక్తంలో ఆల్కహాలు సున్నాకు చేరుకునే వేళకు హ్యాంగోవర్ ముదురుతుంది. అది ఒక పూట, ఒక్కోసారి ఒక రోజంతా ఉంటుంది. పై ఉదాహరణలో ఎనిమిదిన్నర అంటే సరిగ్గా విమానం ఎక్కే సమయం.

ఒంట్లో నీటిని నిలిపి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలను మద్యం అణచివేస్తుంది. రాత్రంతా మూత్రం ఎక్కువగా పోయి పొద్దునకి నోరు ఎండిపోతుంది. జీర్ణాశయపు లోపలి పొర రేగి వికారం పుడుతుంది. రక్తంలో చక్కెర తగ్గి చేతులు వణకవచ్చు. నిద్ర త్వరగా పట్టినా రెండో సగంలో చెదిరిపోతుంది. ఏడు గంటలు పడుకున్నా అలసట తీరదు.

భయం సంగతీ అంతే. మద్యం మెదడును కొన్ని గంటలు నెమ్మదింపజేస్తుంది. ఆ ఒత్తిడిని ఎదుర్కోవడానికి మెదడు తనను తాను పైకి సర్దుకుంటుంది. మద్యం దిగాక ఆ సర్దుబాటు ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి గుండె దడ, అకారణమైన కంగారు మొదలవుతాయి. తొలిసారి దూకేవారికి ఆ ఉదయం ఎలాగూ కొంత భయం ఉంటుంది. రాత్రి తాగిన మందు దానికి ఇంకొంత కలుపుతుంది. విపరీతంగా తాగిన మర్నాడు కొందరిలో గుండె లయ తప్పడాన్ని వైద్యులు 1978 నుంచి 'హాలిడే హార్ట్' అని పిలుస్తున్నారు. దూకే క్షణంలో ఆరోగ్యవంతుల గుండె కూడా నిమిషానికి 150 సార్లకు పైగా కొట్టుకోవచ్చు. అప్పటికే లయ తప్పే స్థితిలో ఉన్న గుండె మీద ఈ భారం పడడం మంచిది కాదు.

చెవి లోపలి తక్కెడ

ఎక్కువ తాగి పడుకున్నప్పుడు మంచం గిరగిరా తిరుగుతున్నట్టు అనిపించడం తెలిసిన అనుభవమే. దానికి కారణం లోపలి చెవిలో ఉంది. అక్కడ అర్ధవృత్తాకారంలో మూడు సన్నని గొట్టాలుంటాయి. వాటి నిండా ద్రవం, ఒక్కో గొట్టం మొదట్లో జెల్లీ లాంటి చిన్న తెర. తల తిరిగినప్పుడు ద్రవం ఆ తెరను నెడుతుంది. ఆ కదలికను బట్టి మెదడు తల ఎటు తిరిగిందో గ్రహిస్తుంది. మామూలుగా తెర, ద్రవం ఒకే సాంద్రతతో ఉంటాయి. అందువల్ల తల కదలనంత సేపు తెర కూడా కదలదు.

ఆల్కహాలు నీటికంటే తేలిక. రక్తనాళాలకు దగ్గరగా ఉండే తెరలోకి అది ముందు చేరుతుంది. తేలికైన తెర ద్రవంలో పైకి తేలుతుంది. తల కదలకపోయినా తిరుగుతున్నట్టు మెదడుకు కబురు వెళుతుంది. కొన్ని గంటలకు ద్రవంలోకి కూడా ఆల్కహాలు చేరి రెండూ సమానమవుతాయి. అప్పుడు తిప్పు ఆగిపోతుంది, తాగిన మనిషి తేరుకున్నాననుకుంటాడు. కానీ తెల్లవారుజామున ఆల్కహాలు తెరలోంచే ముందు బయటికి పోతుంది. ఈసారి తెర ద్రవం కంటే బరువెక్కి ఎదురు దిశలో తిప్పు మొదలవుతుంది. రక్తంలో ఆల్కహాలు సున్నా అయిన తర్వాత కూడా ఇది కొన్ని గంటలు కొనసాగగలదు.

స్కైడైవింగ్‌లో చెవి లోపలి ఈ తక్కెడకే అసలు పరీక్ష. విమానం తలుపు దాటగానే శరీరం తలకిందులు కావచ్చు. పారాచూట్ విచ్చుకున్నాక ఒక వైపు తాడు లాగితే గొడుగు సుడి తిరుగుతూ దిగుతుంది. మామూలు మనిషికి సరదాగా ఉండే ఆ సుడి, తక్కెడ చెదిరి ఉన్న మనిషికి వాంతి తెప్పిస్తుంది. తొలిసారి దూకేవాడైతే ఇన్‌స్ట్రక్టర్ అతని వీపుకు ఆనుకుని, పట్టీలతో అతన్ని తనకు కట్టుకుని వేలాడుతుంటాడు. అప్పటికి కిందికి ఇంకా అయిదారు నిమిషాల ప్రయాణం ఉంటుంది.

పైన ఏముంటుంది

తొలిసారి దూకేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది టాండమ్ జంప్. ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని 10,000 నుంచి 15,000 అడుగుల ఎత్తు నుంచి దూకుతారు. 13,000 అడుగుల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 60 శాతమే. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకే తగ్గుతుంది. ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 2 డిగ్రీలు చలి పెరుగుతుంది. కింద 30 డిగ్రీలుంటే పైన 4 డిగ్రీలే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ కాసేపు దీన్ని తట్టుకుంటాడు. నీరు తగ్గి, నిద్ర చాలక, తల బరువెక్కిన మనిషికి అదే చలి, అదే పలచటి గాలి ఎక్కువ కష్టం.

ఆ తర్వాత దాదాపు నిమిషం పాటు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పతనం. పారాచూట్ విచ్చుకోగానే కొన్ని సెకన్లలోనే ఆ వేగం బాగా తగ్గిపోతుంది. పట్టీలు తొడలను బిగిస్తాయి, కాళ్లు కిందికి వేలాడతాయి. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు తల తిరగడం, సొమ్మసిల్లడం తేలిగ్గా జరుగుతాయి.

టాండమ్‌లో పారాచూట్ పని ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటాడు కదా, తోడు వెళ్లేవాడికి పనేముంది అని అనిపించవచ్చు. చేయాల్సినవి కొన్నే, కానీ ముఖ్యమైనవి. దూకేటప్పుడు నడుమును ముందుకు నెట్టి ఒళ్లును వెనక్కి విల్లులా వంచాలి, ఇన్‌స్ట్రక్టర్ చేతులు పట్టుకోకూడదు, నేల దగ్గరపడగానే చెప్పిన క్షణంలో రెండు కాళ్లూ పైకెత్తాలి. కాళ్లు ఎత్తకపోతే ఇద్దరి బరువూ ఆ కాళ్ల మీదే పడుతుంది. మడమలు, చీలమండలు విరిగేది ఇలాంటి చోటే. చెప్పిన మాట వెంటనే వినిపించుకుని చేయగల తెలివి ఆ ఒక్క క్షణానికి కావాలి.

ఒంటరిగా దూకే విద్యార్థికి ఇది ఇంకా పదునైన లెక్క. గంటకు 190 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 175 అడుగులు. అమెరికాలో ఫ్రీఫాల్, అంటే పారాచూట్ తెరవకముందు సాగే పతనం, శిక్షణ తొలి దశలో ఉన్న విద్యార్థి 5,500 అడుగుల దగ్గర పారాచూట్ తెరవాలి. తెరుచుకున్నది సరిగ్గా లేకపోతే దాన్ని వదిలి రెండోది తెరవాలన్న నిర్ణయం 2,500 అడుగులకు దిగేలోపే జరిగిపోవాలి. ఏమీ తెరవకుండా పడితే ఈ రెంటి మధ్య ఉన్నది పదిహేడు సెకన్లు. ఆలోచనలో రెండు సెకన్లు ఆలస్యమైతే 350 అడుగులు పోయినట్టే. నిర్ణీత ఎత్తులో రిజర్వ్ పారాచూట్‌ను దానంతటదే తెరిచే పరికరం ఉంటుంది. అది చివరి ఆసరాగా పెట్టినది, దాన్ని నమ్ముకుని దూకడానికి కాదు.

తాగిన 14 గంటల తర్వాత కూడా నైపుణ్యం తగ్గుతుందని 1986లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. పది మంది నౌకాదళ పైలట్లకు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల స్థాయి వచ్చేలా మద్యం ఇచ్చి, మర్నాడు సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. అప్పటికి రక్తంలో ఆల్కహాలు దాదాపు లేదు. అయినా దాదాపు ప్రతి కొలతలోనూ వాళ్ల పని మామూలు రోజు కంటే తగ్గింది, కొన్నింటిలో ఆ తేడా స్పష్టంగా తేలింది. వాళ్లు శిక్షణ పొందిన పైలట్లు. తొలిసారి దూకే మనిషికి ఆ అలవాటు బలం కూడా ఉండదు.

నియమం, ఆచారం

అమెరికా విమానయాన నిబంధన ప్రకారం మద్యం ప్రభావంలో ఉన్నవారే కాదు, ఉన్నట్టు కనిపించేవారు కూడా దూకకూడదు. అలాంటి వారిని దూకనిస్తే పైలట్ కూడా బాధ్యుడు. ఇన్ని గంటల ముందు ఆపాలని ఆ నిబంధన దూకేవారికి చెప్పదు. అందువల్ల నిర్ణయం డ్రాప్ జోన్ సిబ్బంది కంటి మీద, దూకేవారి నిజాయతీ మీద ఆధారపడుతుంది. వాసన వస్తున్నా, మాట తడబడుతున్నా ఇన్‌స్ట్రక్టర్ ఆ జంప్‌ను నిరాకరించవచ్చు.

స్కైడైవర్లు మద్యానికి దూరంగా ఉండేవాళ్లని దీనర్థం కాదు. తొలి జంప్, నూరో జంప్ లాంటివి పూర్తిచేసినవాళ్లు తోటివారికి బీరు ఇప్పించడం చాలా దేశాల్లో పాత ఆనవాయితీ. కానీ ఆ సీసాల మూతలు తీసేది రోజులో చివరి విమానం దిగి, చివరి మనిషి నేల మీద వాలాకే. ఈ వరసను ఎక్కువగా పట్టించుకునేది వందల సార్లు దూకినవాళ్లే.

ఆ రాత్రి, ఆ ఉదయం

ముందు రోజు రాత్రి అసలు తాగకపోవడమే మంచిది. ఒకటి రెండు చిన్న పెగ్గులు తప్పకపోతే రాత్రి భోజనంతో ముగించి, పడుకునే ముందు బాగా నీళ్లు తాగాలి. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. రెండు ఇడ్లీలో, కొంచెం ఉప్మానో తింటే రక్తంలో చక్కెర నిలబడుతుంది. నూనె పదార్థాలతో కడుపు నింపుకుంటే మాత్రం వికారం పెరుగుతుంది. తలనొప్పికి, వాంతికి మాత్రలు వేసుకుంటే ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పాలి. వాంతిని ఆపే కొన్ని మాత్రలు మత్తునిస్తాయి. బాగా తాగిన మర్నాడు పారాసెటమాల్ కాలేయానికి భారం.

రాత్రి ఎక్కువైపోతే చేయదగిన పని ఒకటే. డ్రాప్ జోన్‌కు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి సాయంత్రానికో మర్నాటికో మార్చమని అడగడం. డబ్బు కట్టేశాం, స్నేహితులు నవ్వుతారు అన్న మొహమాటం అక్కడ అడ్డుపడుతుంది. కానీ ఈ ఆటలో వాయిదా రోజూ ఉండేదే. గాలి పెరిగితే, మబ్బు కమ్మితే పట్టీలు కట్టుకుని విమానం పక్కన నిలబడ్డవాళ్లను కూడా వెనక్కి పంపుతారు. ఎవరూ దాన్ని చిన్నతనంగా తీసుకోరు. ఒంట్లో బాగాలేదని తనంతట తాను వెనక్కి తగ్గినవాడిని కూడా ఆ మైదానంలో అలాగే చూస్తారు.