వాన తగ్గలేదు, పదును తప్పింది: అనంత మెట్ట రైతు లెక్క

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. పశ్చిమ కనుమల చాటున ఉండటంతో నైరుతి మేఘాలు ఇక్కడికి చేరేసరికి చాలావరకు ఖాళీ అవుతాయి. కరవు ఈ నేలకు కొత్త కాదు. అయితే వాతావరణ మార్పు అన్న మాటను ఇక్కడి మెట్ట రైతు ఉష్ణోగ్రతల్లోనో, వార్షిక సగటులోనో వెదకడు. కార్తె తప్పిందని, పదును నిలవడం లేదని అంటాడు.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమే కార్తె. ఏడాదికి 27. రోహిణిలో ఎండలు, మృగశిరలో దుక్కులు, ఆరుద్రలో విత్తనం అన్నది తరాల లెక్క. ఈ గణన దానంతటది జరిగేది 70 ఏళ్లకు సుమారు ఒక్క రోజే. కనుక పంచాంగం చెదిరిందనడానికి వీల్లేదు. దానికి జతపడిన వానే చెదిరింది.

పదును సంగతి మరింత కీలకం. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితే వాతావరణ శాఖ దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తుంది. వేడెక్కిన ఎర్ర నేలపై ఆ తడి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. గొర్రు కట్టాలంటే తడి సాలు లోతు దాకా దిగాలి. అటు ఒకే రాత్రి 100 మిల్లీమీటర్లు కురిసినా, లోతు లేని నేల ఆపలేక వంకల పాలు చేస్తుంది. లెక్కల్లో ఆ ఏడాది సాధారణ వర్షపాతమే. చేలో మాత్రం బెట్ట.

వేరుశనగకు ఈ తేడా ప్రాణాంతకం. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగితేనే కాయ కడుతుంది. ఆ రోజుల్లో పైపొర గట్టిపడితే ఊడ దిగదు. నెల తర్వాత ఎంత వాన పడినా ఆ నష్టం పూర్తిగా తీరదు. విత్తనమే ఎకరాకు 50 కిలోలకు పైగా కావాలి. అప్పు తెచ్చి కొన్న విత్తనం మొలవకపోతే రెండోసారి విత్తే స్తోమత ఎందరికి ఉంటుంది?

అందుకే సాగు మారుతోంది. వేరుశనగలో సాళ్ల మధ్య వేసే కంది కొన్ని చేలలో ఏకపంటగా మారింది. అదను దాటితే ఉలవ, కొర్ర, జొన్న. కదిరి పరిశోధన కేంద్రం నుంచి బెట్టను తట్టుకునే కదిరి లేపాక్షి వంటి రకాలు వచ్చాయి. 2016లో మొదలైన రాష్ట్ర ప్రకృతి సాగు కార్యక్రమం కింద కొందరు వానకు ముందే, ఎండు దుక్కిలో నవధాన్యాలు చల్లుతున్నారు. బంకమన్ను, బీజామృతం పట్టించిన విత్తనాలు నేలలో వేచి ఉండి, తగినంత తడి తగిలాక మొలుస్తాయి. పదును కోసం రైతు ఎదురుచూసే బదులు విత్తనమే ఎదురుచూస్తుందన్న మాట. నేలను కప్పి ఉంచే ఆ పచ్చదనం, తర్వాతి వాన తడిని కాస్త ఎక్కువ రోజులు నిలుపుతుంది.

నీరున్నవారు బిందు సేద్యంతో చీనీ, దానిమ్మ, అరటి వైపు వెళ్లారు. ఆదాయం పెరిగింది, బోర్లపై భారమూ పెరిగింది. వాననే నమ్ముకున్న చేను నుంచి భూగర్భ జలానికి మారడం ముప్పును తప్పించుకోవడమా, వాయిదా వేయడమా అన్నది తేలని విషయం.

కౌలు రైతుకు ఆ దారి కూడా లేదు. చీనీ చెట్టు కాపుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. నోటిమాటపై సాగే కౌలు చాలాచోట్ల ఏడాదికే. బోరు వేయించాలన్నా, బిందు సేద్యం రాయితీకి దరఖాస్తు చేయాలన్నా భూమి కాగితాలు యజమాని పేరునే ఉంటాయి. అతనికి మిగిలేది ఏటా మళ్లీ వేరుశనగే, అదీ పదును దొరికితే.