బండి కింద డీజిలు చుక్క

పోయిన సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తవారి వూరు వెళ్ళాను. భోగినాడు తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేసింది. భోగిమంట కోసం కాదు. వాకిట్లో మా బావమరిది తన పిక్కప్పు వానుతో కుస్తీ పడుతున్నాడు. తాళం తిప్పడం, "కిర్ర్... కిర్ర్..." మనడం, ఆగడం, బానెట్టు యెత్తి రబ్బరు బుడ్డి పంపు నొక్కడం, మళ్ళీ తాళం తిప్పడం. పదిహేను నిమిషాలు గడిచాక ఒక్క దగ్గు దగ్గి అందుకుంది.

"యేమోయ్, దీనికీ పండగ బద్ధకమేనా?" అన్నాను దుప్పటి కప్పుకుని.

"నెలనుంచీ యిదే వరస, బావగారూ. రాత్రి ఆపితే తెల్లారి లేవదు" అన్నాడు దిగులుగా.

అతని దిగులు నాకు తరువాత అర్థమయింది. అతను చెరువుల దగ్గర పట్టిన రొయ్యల్ని ఐసు పెట్టిన ట్రేలలో యెత్తి ప్లాంటుకు చేరవేస్తాడు. రొయ్య పట్టాక ఆగదు; ఐసు కరిగేలోగా చేరాలి. రెండుసార్లు ఆలస్యమయితే చెరువు ఆసామి వేరే బండిని పిలుచుకుంటాడు. బండి మీద బ్యాంకు అప్పు యింకా రెండేళ్ళు తీరాలి. పైగా మైలేజీ పడిపోయింది, క్యాబినులో డీజిలు వాసన, నిలిపిన చోట నేలమీద మరక.

పండగ పూట అయినా మేస్త్రి వచ్చాడు. అరవై యేళ్ళ మనిషి, వెంట పద్ధెనిమిదేళ్ళ శిష్యుడు. మేస్త్రి యెడమచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గర ఆగిపోయి వుంది. అదేమిటని అడగడం మర్యాద కాదు గనుక వూరుకున్నాను.

ఆయన పానా పట్టుకోలేదు. ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు, మంచి వైద్యుడు నాడి పట్టినట్టుగా.

"మరక యెప్పుడు కనిపిస్తుంది బాబూ? బండి నడుస్తుంటేనా, ఆగి వుంటేనా?"

"రెండూను."

"ట్యాంకు నిండా కొట్టించిన రాత్రా, సగం వున్న రాత్రా?"

మా బావమరిది ఆలోచించాడు. "నిండుగా వుంటే వెనక చక్రం దగ్గిర మరక. సగానికి దిగితే అక్కడ మరక వుండదు. కాని ఆ తెల్లవారే స్టార్టు కాదు."

మేస్త్రి తల పంకించాడు. "అయితే సగం జబ్బు నువ్వే చెప్పేశావు."

నాకేమీ అర్థం కాలేదు. నావంటి వారి కోసం ఆయన చెప్పినది చెపుతాను. డీజిలు దారిలో మూడు అంచెలున్నాయి. మొదటిది ట్యాంకునుంచి ఫిల్టరు మీదుగా పంపుదాకా. యీ బండిలో డీజిలును వెనకనుంచి నెట్టేవాడు లేడు; ముందునుంచి పంపు పీల్చుకోవాలి, మనం కొబ్బరి బొండంలో గొట్టం పెట్టి పీల్చినట్టు. రెండోది పంపునుంచి ఇంజనులోకి చిమ్మే నాజిళ్ళదాకా. అక్కడ వొత్తిడి భయంకరం. మూడోది, నాజిళ్ళ దగ్గర మిగిలిన డీజిలు తిరిగి ట్యాంకుకు పోయే సన్నని దారి.

గొట్టానికి బెజ్జం పడితే బొండంలో నీళ్ళు బయటికి కారవు. గాలి లోపలికి వస్తుంది. యిక్కడా అంతే. పీల్చే పైపుకు చిల్లు వుంటే బండి నడుస్తున్నప్పుడు చుక్క కనిపించదు, గాలి పట్టేస్తుంది. ఆపిన తరువాత ఆ చిల్లులోంచే గాలి దూరి, పైపులోని డీజిలంతా వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. తెల్లారి పంపు పీలిస్తే దొరికేది గాలే. అదే ట్యాంకు నిండుగా వుంటే డీజిలు మట్టం చిల్లుకంటె యెత్తులో వుంటుంది గనుక అప్పుడు బయటికి చుక్కలు కారతాయి. ఒకే చిల్లు, రెండు వేషాలు! యిది తెలియక ఎంతమంది బ్యాటరీలూ, సెల్ఫు మోటార్లూ మార్చారో!

సరే, పరీక్ష మొదలయింది. శిష్యుడు పైపులన్నీ తుడిచి పొడిగా చేశాడు. తడిసి మురికి పట్టిన చోట చుక్క పుట్టినిల్లు తెలియదట. గాలికి వెనక్కి పాకి యెక్కడో రాలుతుంది. బండి కింద నిన్నటి వార్తాపత్రికలు పరిచారు. కీళ్ళమీద తెల్లపొడి చల్లితే తడి ఎక్కడ మొదలయిందో గీత గీసినట్టు తెలుస్తుందన్నాడు మేస్త్రి. పండగ కదా, మా ఆవిడ ముగ్గుపిండి గిన్నె పట్టుకొచ్చింది.

"వద్దమ్మా, అది యిసకలాంటిది. ఒక్క రేణువు లోపలికి పోయిందా, నాజిలు గోవిందా. మొహానికి రాసుకునే పౌడరుంటే యివ్వండి."

మా మరదలి పౌడరు డబ్బా సగం ఆ బండి మొహాన పోయింది.

ఇంజను తిప్పగానే తిరుగుదారిలోని రబ్బరు గొట్టం దగ్గర పౌడరు తడిసింది. యీ గొట్టాలు ఇంజను వేడికి బిరుసెక్కి పగులుతాయి. మా బావమరిది మందు కొలిచే చిన్న గ్లాసు పెట్టాడు. అయిదు నిమిషాలలో పది మిల్లీలీటర్లు పడింది. గంటకు 120. రోజుకు ఆరు గంటలు తిరిగే బండికి ముప్పావు లీటరుకు కాస్త తక్కువ! చుక్కే కదా అనుకున్నది నెలకు యిరవై లీటర్లు మింగుతోందన్నమాట. పైగా ఆ చుక్క వేడెక్కిన పొగగొట్టం మీద పడితే అంటుకోవచ్చు. రోడ్డుమీద పడితే వెనక వచ్చే మోటారుసైకిలు జారుతుంది. దీనికి వైద్యం మాత్రం తేలిక: డీజిలుకు తట్టుకునే కొత్త గొట్టం వేయడమే. నీళ్ళ గొట్టమో, యేదో నల్లగొట్టమో వేస్తే నెలలో వుబ్బి మెత్తబడిపోతుంది.

రబ్బరు సంగతి వచ్చింది గనుక ఒక ముచ్చట. 1993లో అమెరికాలో గంధకం తగ్గించిన డీజిలు బంకులకు వచ్చినప్పుడు కొన్ని పాత బళ్ళలో ఉన్నట్టుండి కారడం మొదలయింది. గంధకం తీసే శుద్ధిలో నూనె గుణం కొంత మారి, పాత నూనెలో నాని వుబ్బిన రబ్బరు ముడుచుకుపోయింది. మన దేశమంతటా 2020 ఏప్రిల్ 1నుంచి గంధకం పదిలక్షల్లో పది పాళ్ళకు మించని డీజిలు అమ్ముతున్నారు. పాత బండి వున్నవారు రబ్బర్లు ఒకసారి చూసుకోవడం నష్టం కాదు.

యిక గాలి పట్టే చిల్లు. ఫిల్టరుకు ముందు గొట్టం విప్పి, మూరెడు పారదర్శకపు గొట్టం అతికాడు మేస్త్రి. ఇంజను తిరుగుతుంటే అందులో సోడాబుడ్డిలోలా బుడగలు! తరువాత ఆ గొట్టాన్ని ట్యాంకు దారినుంచి తప్పించి, శుభ్రమైన డీజిలు పోసిన డబ్బాలో ముంచాడు. బుడగలు మాయం.  దొంగ ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్య వున్నాడు. యెంత సులువయిన పరీక్ష! దీనికి కంప్యూటరక్కరలేదు.

శిష్యుడు కిందికి దూరాడు. ఛాసిస్ వెంట వెళ్ళే ఇనుపపైపును పట్టివుంచే క్లిప్పు దగ్గర మట్టి గట్టి పేరుకుని వుంది. గీకితే మట్టి కింద ఇనుము లేదు, తుప్పు వుంది! రొయ్యల ట్రేలలోంచి వుప్పునీళ్ళు రోజూ ఆ సందులోకి కారి, మట్టిలో యింకి పైపును తినేశాయి. వూరగాయ జాడీ మీద ఇనుప మూత పెట్టినట్టే.

"సైకిలు ట్యూబు చుడితే ఆగదా మేస్త్రిగారూ? సీజనంతా యిదే" అన్నాడు మా బావమరిది.

"కారేదానికి చుడితే పూట గడుస్తుంది. ట్యాంకు పగిలితే బట్టలసబ్బు రుద్దుకుని యిల్లు చేరినవాణ్ణి నేనూ. కాని పీల్చేదానికి చుడితే గుడ్డతో సహా గాలి పీలుస్తుంది. పైపు మార్చాల్సిందే."

మార్చారు. తుప్పు పట్టినంత మేర కాదు, మొత్తం పైపు. క్లిప్పుల కింద రబ్బరు తొడుగులు పెట్టి, ట్రేల నీళ్ళు దూరంగా పోయేలా తొట్టికింద ఒక రేకు కాలవ అమర్చారు. కీళ్ళలోని రాగి వాషర్లు కొత్తవి. పాత వాషరు ఒకసారి నలిగి గట్టిపడ్డాక మళ్ళీ యెంత బిగించినా కూర్చోదు. యీ రెండు రూపాయల సరుకు దగ్గర కక్కుర్తి పడి మళ్ళీ కారించుకునేవారు చాలామందట. గొట్టం క్లిప్పులు కూడా మోతాదుకు మించి బిగిస్తే రబ్బరును కోసేస్తాయి.

యింతవరకు పండగ సరదాలాగే సాగింది. పని అయిందని ఇంజను తిప్పారు. శిష్యుడు వంగి చూస్తున్నాడు. నాజిలు మీద ఇనుపపైపు నట్టు దగ్గర పొగమంచులాంటిది కదిలింది. చుక్క కాదు, తడి కాదు, వుత్త మసక. "యిక్కడేదో..." అంటూ అతను వేలు చాచాడు.

"ఒరేయ్, చెయ్యి తియ్!"

అంత పెద్ద కేక ఆ మనిషి గొంతులోంచి వస్తుందనుకోలేదు. ఇంజను ఆపించి, తన మొండివేలు పైకెత్తి చూపాడు.

ఆ దారిలో వొత్తిడి మాటలకందదు. మన చుట్టూ వున్న గాలి వొత్తిడి సుమారు ఒక బారు. కారు చక్రంలో రెండు, రెండున్నర. యీ సన్నని పైపులో బరువెక్కినప్పుడు 1,600నుంచి 2,000 బార్లు! 1927లో బాష్ కంపెనీ డీజిలు పంపులు తయారుచేసి అమ్మడం మొదలెట్టిన నాటినుంచీ మేస్త్రీలకు ఒక అలవాటుంది: ఇంజను తిప్పుతూ నట్టు వదులుచేసి గాలి తీయడం, వేలితో తుడిచి చూడడం. అప్పటి వొత్తిడే ప్రమాదకరం. 1997లో కార్లలోకి కామన్ రైలు పద్ధతి వచ్చాక ఇంజను తిరుగుతున్నంతసేపూ డీజిలు పెద్ద వొత్తిడిలోనే పొంచి వుంటుంది. కంటికి కనిపించని ధార చర్మాన్ని సూదిలా గుచ్చి లోపలికి దూరిపోతుంది.

"నాకప్పుడు దోమ కుట్టినట్టయింది బాబూ. చీమ తలంత మచ్చ. నెత్తురు కూడా లేదు. పనిలో పడి మరిచిపోయాను. రాత్రికి అరచెయ్యి వుబ్బింది. పసుపు పెట్టుకుని పడుకున్నా. రెండోరోజు పెద్దాసుపత్రికి పోతే, ఆ డాక్టరు గంటల్లో రావలసిన వాడివి రోజులకొచ్చావన్నాడు. చెయ్యి నిలబెట్టాడు. వేలు పోయింది."

తరువాత ఒక సర్జనుగారిని అడిగాను. అదంతా నిజమే. లోపలికి పోయిన నూనె నరాల వెంబడి, కండరాల సందుల్లోకి పాకి వాటిని చంపుతుంది. పైన కనిపించే మచ్చను చూసి మోసపోకూడదు. నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషను సౌకర్యం వున్న ఆసుపత్రికి పోయి, "డీజిలు వొత్తిడితో లోపలికి దూరింది" అని స్పష్టంగా చెప్పాలి. వుత్త గాయమంటే పట్టీ కట్టి పంపే ప్రమాదముంది.

మరి యెలా చూడాలి? మేస్త్రి కళ్ళద్దాలు పెట్టుకుని, పొడుగాటి కర్ర చివర అట్టముక్క కట్టి, దూరంగా నిలబడి ఆ మసకలో ఆడించాడు. అట్టమీద తడి గీత పడింది. ఇంజను ఆపి, వొత్తిడి దిగేదాకా చాలాసేపు ఆగి, అప్పుడు నట్టు ముట్టుకున్నాడు. పానాకు పైపుముక్క తగిలించి బలంకొద్దీ బిగించలేదు. అలా చేస్తే పైపు మొన చితికిపోతుంది. ఆ ముక్క తీసేసి కొత్తది వేశాడు. విప్పిన మూతులకు దుమ్ము పోకుండా శుభ్రమైన ప్లాస్టిక్కు సంచులు కట్టాడు. యీ ఆఖరి అంచె యింట్లో ప్రయోగాలు చేసేది కాదని నా అభిప్రాయం. మొదటి రెండూ చూడడం మాత్రం బండిగల ప్రతివాడికీ రావాలి.

కనుమనాడు తెల్లవారుజామున నేనే లేచి వాకిట్లోకి వెళ్ళాను. ముందు రాత్రి మేస్త్రి చెప్పినట్టు ట్యాంకు సగానికి వుంచి, కింద కొత్త పేపరు పరిచి వుంచాం. మా బావమరిది తాళం తిప్పాడు. బుడ్డి పంపు ముట్టుకోకుండానే, సగం తిప్పుకే అందుకుంది.

బండి కదిలాక పేపరు తీసి చూశాను. ఒక్క మరక లేదు. మా మావగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని దులిపి, ముందునాటి గళ్ళనుడికట్టు పూరించడానికి అరుగుమీద కూచున్నారు.