పదహారు పుష్ రాడ్లు, పదహారు నట్లు

అమెరికాలో పాత షెవ్రొలే ఉన్నవాడు టాపెట్ సెట్టింగ్‌కు మెకానిక్ దగ్గరికి పరుగెత్తడు. ఆ ధీమా 1955లో వచ్చిన వీ-8 ఇంజన్ చలవ. షెవ్రొలే చీఫ్ ఇంజనీర్ ఎడ్ కోల్ బృందం తెచ్చిన ఈ ఇంజన్ పరిమాణం 265 ఘనపు అంగుళాలు, మామూలు రకం శక్తి 162 హార్స్‌పవర్. ‘స్మాల్ బ్లాక్’ అన్న పేరు తర్వాత స్థిరపడింది. తొలి ఏడాది దీనికి ఆయిల్ ఫిల్టరే లేదంటే నమ్మబుద్ధి కాదు!

క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ బ్లాకులో, వాల్వులేమో పైన హెడ్‌లో. క్యామ్ టాపెట్‌ను లేపితే, టాపెట్ పుష్ రాడ్‌ను నెడుతుంది. రాడ్ రాకర్ ఒక కొసను ఎత్తితే, రెండో కొస వాల్వును నొక్కుతుంది. అప్పటి చాలా ఇంజన్లలో రాకర్లన్నీ ఒకే ఇరుసు మీద బారుగా ఉండేవి. పాంటియాక్ ఇంజనీర్ క్లేటన్ లీచ్ ఆ ఇరుసునే తీసేశాడు. రేకును అచ్చులో నొక్కి చేసిన రాకరును ఒక బోల్టుకు గుచ్చి, గుండుబిళ్ల పెట్టి, పైన నట్టు బిగించాడు. షెవ్రొలే అదే వాడుకుంది. పైగా పుష్ రాడ్లను బోలుగా చేసి, వాటిలోంచే రాకర్లకు ఆయిల్ ఎక్కించింది. నా లెక్కలో అసలు తెలివి ఇక్కడుంది.

హైడ్రాలిక్ టాపెట్లయితే సెట్టింగ్ ఇలా. మొదటి సిలిండర్ కంప్రెషన్ చివరికి వచ్చేలా ఇంజన్ తిప్పాలి. అప్పుడు 1, 3, 4, 8 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు, 1, 2, 5, 7 ఇన్‌టేక్ వాల్వులు సరిచేయొచ్చు. క్రాంక్ ఇంకో పూర్తి చుట్టు తిప్పితే మిగతా ఎనిమిది. రాడ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తూ నట్టు బిగించాలి. ఆట పోయిన చోట ఆగి, అక్కడినుంచి ముప్పావు నుంచి ఒక చుట్టు. చాలామంది రాడ్‌ను గిరగిరా తిప్పి చూస్తారు. టాపెట్ లోపలి స్ప్రింగు మెత్తన కాబట్టి, ఆట పోయాక కూడా రాడ్ తిరుగుతూనే ఉండి మోసం చేస్తుంది. మన పాత బుల్లెట్ మోటార్‌సైకిల్‌లో అలాంటి స్ప్రింగు లేదు గనుక అక్కడ వేళ్లతో తిప్పి చూడటమే సరైన పద్ధతి.

వదులైతే టకటక చప్పుడొస్తుంది, అంతే. బిగుతైతే చప్పుడుండదు గానీ వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటుకు ఆనినప్పుడే వాల్వు వేడి దిగుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

రాడ్లు ఊడదీస్తే అట్టముక్కకు పదహారు చిల్లులు పొడిచి వరుస తప్పకుండా గుచ్చుకోవాలి. ఏ రాడ్ అరుగుదల దాని జోడీకే సరిపోతుంది. అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. బోలులో మడ్డి ఉంటే రాకరుకు ఆయిల్ అందదు.

2011 నాటికి ఈ వంశం ఇంజన్లు 10 కోట్లు దాటాయి. వీటిలో 1987లో రోలర్ టాపెట్లు వచ్చాయి. అంతకుముందు వాటిలో టాపెట్ క్యామ్ మీద రాసుకుంటుంది, దానికి ఆయిల్‌లోని జింక్, ఫాస్ఫరస్ రక్షణ కావాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని కొత్త ఆయిళ్లలో వాటి మోతాదు తగ్గించారు. పాత ఇంజన్ ఉన్నవారు ఆయిల్ డబ్బా కొనేముందు ఈ సంగతి అడిగి కొనండి.