మీకు తెలుసా? ఎలుకల మందుకు, ఆసుపత్రి మందుకు చుట్టరికం!

● గోదావరి డెల్టా వరిచేలల్లో నూకలకు నూనె పట్టించి ఎలుకలకు పెట్టే బ్రోమాడయోలోన్, రక్తం పలచబడటానికి రోగులు వేసుకునే వార్ఫరిన్ ఒకే కుటుంబానివి. విటమిన్-కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టనివ్వవు. వార్ఫరిన్ కూడా 1948లో అమెరికాలో ఎలుకల మందుగానే బజారుకొచ్చింది. మనుషులకు మందైంది 1954లో.

● కొబ్బరిచెట్టు మీంచో తాడిచెట్టు మీంచో పడి వెన్నుపాము దెబ్బతింటే, కదలని కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అందుకే తొలి వారాల్లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ తరహా ఇంజెక్షన్లు ఇస్తారు.

● చిక్కల్లా ఇక్కడే: ఈ మందులతో లోపల రక్తం కారే ముప్పుంది, స్పర్శ లేనిచోట అలా కారినా నొప్పి తెలియదు. తొడ ఉన్నట్టుండి వాచడం, చర్మం కమలడం, యూరిన్ బ్యాగులో ఎరుపు, తారులాంటి నల్లటి విరేచనం... ఇవే ఆనవాళ్లు. రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి.

● వార్ఫరిన్ వాడేవారు తోటకూర, గోంగూర మానక్కర్లేదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా తింటే చాలు.

● వాచిన కాలికి నూనె పెట్టి మర్దనా చేయకండి. డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు వేయకండి, రక్తం పలచబరిచే మందు ఆపకండి.