అక్కడి చదువుకు ఇక్కడి లెక్క

విదేశీ చదువు అనగానే తెలుగు కుటుంబాలకు మొదట గుర్తుకు వచ్చేది బీటెక్ పూర్తయ్యాక బ్యాంకు రుణం తీసుకొని ఎమ్మెస్ కోసం అమెరికాకు వెళ్లడమే. అయితే సొంత విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా కొనసాగుతూనే ఒకటి రెండు సెమిస్టర్లు మరో దేశంలో చదివి, తిరిగి వచ్చి ఇక్కడి పట్టానే అందుకొనే మార్గం కూడా ఉంది. విద్యార్థి మార్పిడి అనే ఈ పద్ధతికి చాలాకాలం అడ్డుపడినది ఖర్చు ఒక్కటే కాదు. అక్కడ చదివిన చదువును సొంత విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోకపోవడం అంతకంటే పెద్ద ఆటంకంగా నిలిచింది.

ఇటలీకి చెందిన సోఫియా కొరాడీ అనుభవమే ఇందుకు నిదర్శనం. రోమ్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న ఆమె ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంపై అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లి, మాస్టర్స్ పట్టాతో 1958లో తిరిగి వస్తే, ఆ చదువును గుర్తించడానికి సొంత విశ్వవిద్యాలయం నిరాకరించడమే కాక, తిరుగుళ్లు మాని బుద్ధిగా చదువుకోమని అందరి ముందు మందలించింది. తనకు జరిగిన అన్యాయం తర్వాతి తరాలకు జరగకూడదని ఆమె పట్టుబట్టి, 1969 నుంచి ఇటలీ విశ్వవిద్యాలయాల అధిపతుల సంఘానికి సలహాదారుగా ఉంటూ ఏళ్ల తరబడి సాగించిన ప్రయత్నం, 1987లో ఐరోపా దేశాల కూటమి ఎరాస్మస్ కార్యక్రమాన్ని ప్రారంభించడానికి దారి వేసింది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు మాత్రమే అందులో చేరగా, తర్వాత ఆ సంఖ్య లక్షల్లోకి పెరిగింది.

ఆ విస్తరణకు ఆధారం క్రెడిట్ అనే కొలమానం. తరగతులకు హాజరు కావడం, ఇంటి దగ్గర చదువుకోవడం, పరీక్షలకు సిద్ధం కావడం అన్నీ కలిపి ఒక పాఠ్యాంశానికి విద్యార్థి పెట్టే శ్రమను ఇది సూచిస్తుంది; ఐరోపా పద్ధతిలో ఒక విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. విద్యార్థి బయలుదేరే ముందే అధ్యయన ఒప్పందం అనే పత్రం సిద్ధమవుతుంది. అందులో ఒక పట్టికలో అక్కడ చదవబోయే పాఠ్యాంశాలు, మరో పట్టికలో వాటికి బదులుగా ఇక్కడ మినహాయింపు లభించే భాగాలు, రెండింటికీ ఎదురుగా క్రెడిట్లు ఉంటాయి. విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకొనే విశ్వవిద్యాలయం ముగ్గురూ దానిపై సంతకాలు చేస్తారు. నాడు కొరాడీ చేతిలో లేనిది సరిగ్గా ఈ కాగితమే.

ఎరాస్మస్ కార్యక్రమం కింద వెళ్లిన విద్యార్థి నుంచి ఆతిథ్య విశ్వవిద్యాలయం బోధన రుసుము వసూలు చేయదు. జీవన వ్యయానికి కొంత సాయం అందుతుంది కానీ అది అన్నిచోట్లా సరిపోదు కాబట్టి, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోలేని పిల్లలు వెనకాడడం నేటికీ తీరని లోటే.

భారతదేశానికీ విద్యార్థి మార్పిడి అనుభవం కొత్త కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998లో ప్రారంభించిన 'స్టడీ ఇన్ ఇండియా' కార్యక్రమంలో విదేశీ విద్యార్థులు వచ్చి, తెలుగు, హిందీ వంటి భాషలనూ భారతీయ సమాజం, సంస్కృతులనూ చదివి, ఆ క్రెడిట్లను తమ దేశానికి తీసుకువెళతారు. ఇక్కడివారు బయటికి వెళ్లే దిశలో, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో జారీ చేసిన నిబంధనలు మూడు మార్గాలను చూపాయి: ట్విన్నింగ్ పద్ధతిలో విదేశీ క్రెడిట్లు 30 శాతం మించకుండా భారతీయ సంస్థ పట్టా ఇస్తుంది, జాయింట్ డిగ్రీలో రెండు సంస్థలూ కలిసి ఒకే పట్టా ఇస్తాయి, డ్యూయల్ డిగ్రీలో రెండూ వేర్వేరుగా ఇస్తాయి.

డిగ్రీ పూర్తి చేసిన తెలుగు విద్యార్థులకు ఎరాస్మస్ ముండుస్ అనే ఉమ్మడి మాస్టర్స్ కోర్సులూ తెరిచే ఉన్నాయి. కనీసం రెండు దేశాల్లో చదివే ఈ కోర్సులకు ఉపకార వేతనం లభిస్తే రుసుము మినహాయింపుతోపాటు గరిష్ఠంగా 24 నెలలపాటు నెలకు 1,400 యూరోలు అందుతాయి. అయితే కోర్సు ఆరంభానికి చాలా నెలల ముందే దరఖాస్తుల గడువు ముగుస్తుంది కాబట్టి, డిగ్రీ చివరి ఏడాది మొదట్లోనే కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు, అధ్యాపకుల సిఫారసు లేఖలు సంపాదించుకోవలసి ఉంటుంది.